మూరెడు దూరం వెలుగు

మొన్న సాయంత్రం కరెంటు పోతే మా మనవరాలు అలమారలోంచి టార్చిలైటు తెచ్చి మీట నొక్కింది. వెలగలేదు. అరచేతిలో రెండు దెబ్బలు వేసి మళ్లీ నొక్కింది. అయినా వెలగలేదు. "ఇలా తే" అని తీసుకుని వెనక మూత తిప్పాను. తిప్పీ తిప్పకముందే ముక్కుకు తగిలింది ఆ వాసన, పులుపూ చేదూ కలిసిన తడి ఇనుము వాసన. బ్యాటరీలు కారి స్ప్రింగు చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంది. దాని అంచున పచ్చగా చిలుము. "దీన్ని ముట్టుకుని ఎన్నాళ్లయిందే?" అన్నాను. "ఏమో మామ్మా, పోయిన వర్షాకాలమేమో" అంది నవ్వుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లని కసిరాను కూడా. కాసేపయ్యాక, చీకట్లో ఆ టార్చిలైటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ కోపం నాది కాదని తెలిసింది. అది సుభద్రమ్మగారి కోపం. ఆవిడ పోయి ఎన్నో ఏళ్లయింది, కోపం మాత్రం నా దగ్గర వదిలి వెళ్లారు.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. పంతొమ్మిది వందల ముప్పైల్లో కొల్లేటి అంచు గ్రామాలకీ లంకలకీ ఆవిడ నర్సమ్మగారు. అంటే ప్రసవాలు చేసే మనిషి. నాన్నగారు పెదపాడు దగ్గర పల్లెలో మిషను బడి పంతులు కావడంతో నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి. ఏలూరులో ప్రసవాల పని నేర్చుకుని సర్టిఫికెట్టు పుచ్చుకోగానే నన్ను సుభద్రమ్మగారి కింద సహాయకురాలిగా వేశారు. ఊళ్లో నాకు వేరే ఇల్లు దొరకలేదు. వాళ్లింట్లోనే ముందు గది ఇచ్చారు. ఇంట్లో ఆవిడా, అత్తగారు మహాలక్ష్మమ్మగారూ ఇద్దరే. సుభద్రమ్మగారికి చిన్నతనంలోనే భర్త పోతే, ఊరంతా ముక్కున వేలేసుకున్నా లెక్కచెయ్యక ఆ అత్తగారే పట్టుబట్టి చదివించి ఈ పనికి పంపారట. నేను క్రైస్తవుల పిల్లనని మొదట్లో వంటింటి గడప దగ్గర ఆగేదాన్ని. ఒకరోజు అత్తగారు "అక్కడే నిలబడితే కూర ఎవరు తరుగుతారే?" అన్నారు. ఆ తరువాత గడప మాట ఎవరూ ఎత్తలేదు.

నేను చేరిన కొత్తలోనే వాళ్ల పాత టార్చిలైటు దోనెలోంచి జారి కొల్లేటి పాలయింది. కొత్తది కొనడానికి ఇద్దరం ఏలూరు వెళ్లాం. బజారులో ఖాదర్ సాయిబుగారి దుకాణం ఉండేది. లాంతర్లూ, తాళాలూ, గడియారాలూ అన్నీ అక్కడే. టార్చిలైటు అంటే అప్పట్లో ఒక హోదా. మోతుబరులు చేతికర్రలా పొడుగాటి వాటిని పట్టుకుని తిరిగేవారు. సాయిబుగారు అలాంటిదే ఒకటి తీశారు. వెండిలా మెరిసిపోతోంది.

"ఇది చూడండమ్మా. దీని వెలుగు కాలవ అవతలి గట్టు దాకా పోతుందండి."

"కాలవ అవతల నాకేం పనండీ సాయిబుగారూ?" అన్నారు సుభద్రమ్మగారు. "నాకు కావలసింది మూరెడు దూరం. బిడ్డ పుట్టేది అక్కడే కదా."

సాయిబుగారు పకపకా నవ్వి, పొట్టిగా లావుగా ఉన్న ఇత్తడి టార్చిలైటు తీశారు. దాన్ని ఈవిడ పెట్టిన తిప్పలు నేను మరిచిపోలేను. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా ఎవరూ అంతగా పరీక్ష చెయ్యరు. ముందు మూత తిప్పి మరలు బిగుతుగా కూర్చుంటున్నాయో లేదో చూశారు. తడిచేత్తో ఒకసారి, పొడిచేత్తో ఒకసారి మీట నొక్కారు. వెలుగు అరచేతి మీద వేసుకుని మధ్యలో నల్లటి మచ్చ ఉందేమో వెతికారు. "అసలు చోట మచ్చ పడితే ఆ వెలుగు ఎందుకమ్మాయ్?" అన్నారు నాతో. ఆఖరికి బల్బు మీద అనుమానం వచ్చింది. సాయిబుగారు విసుక్కోలేదు. గల్లా పక్కనున్న రాగితీగ ముక్క తీసి, ఒక కొసని బ్యాటరీ అడుగున బొటనవేలితో అదిమి, బ్యాటరీ నెత్తిన బల్బు నిలబెట్టి, రెండో కొస బల్బు మెడకి ఆనించారు. ఆయన చేతిలోనే బల్బు వెలిగింది. చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూశాను. ఆ తరువాత బ్యాటరీలు ఏరడం మరో కథ. కాగితం చెమ్మగా ఉన్నదాన్నీ, అడుగు ఉబ్బినదాన్నీ వేలితో తడిమి పక్కన పెట్టేశారు. రెండు జతలు తీసుకుని బయటికొచ్చేసరికి నాకు ఆకలితో కళ్లు తిరిగాయి.

ఇక ఆవిడ నియమం ఒకటి ఉంది. ఏ ఊరు వెళ్లొచ్చినా, కాళ్లు కడుక్కోకముందే టార్చిలైటులోంచి బ్యాటరీలు బయటికి తీయాలి. గుడ్డతో తుడిచి ఊక పోసిన డబ్బాలో పడుకోబెట్టాలి. మళ్లీ పిలుపు వస్తే దోనె ఎక్కాకే లోపల వెయ్యాలి. కొల్లేటి గాలికి ఉప్పు కూడా నీరైపోతుంది, బ్యాటరీ ఎంత? లోపలే వదిలేస్తే అది కారి స్ప్రింగుని తినేస్తుంది. ఇదంతా నాకు చాదస్తంగా ఉండేది. మనిషి నిలబడలేనంత అలసటతో ఇంటికొస్తే ముందు బ్యాటరీలకి పక్క వెయ్యడమేమిటని లోలోపల సణుక్కునేదాన్ని. పైకి అనే ధైర్యం లేదు.

ఆ ఏడు దసరాకి అత్తగారు ఇంట్లో పనిముట్లన్నీ పూజకి తీశారు. కత్తిపీట, రోకలి, మా సంచిలోని కత్తెరలు, అన్నీ కడిగి బొట్లు పెట్టారు. మేమిద్దరం ఆ పూట ఊళ్లోనే ఒక బాలింతని చూడటానికి వెళ్లాం. టార్చిలైటు కూడా పనిముట్టే కదా అని ఆవిడ దాన్నీ తీశారు. చూస్తే లోపల ఖాళీ. పూజలో ఏదీ ఖాళీగా పెట్టకూడదన్నది ఆవిడ పట్టుదల. కుండ పెట్టినా అందులో నాలుగు గింజలు వేసేవారు. కనుక ఊక డబ్బాలోంచి ఒక జత బ్యాటరీలు తీసి లోపల వేసి, మూత బిగించి, పసుపునీళ్లు చల్లి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, పూజ అయ్యాక మళ్లీ సంచిలో భద్రంగా పెట్టేశారు. మాకు చెప్పడం ఆవిడకి తోచలేదు. దేవుడికి చూపించి తెచ్చిన దాని గురించి చెప్పడానికేముంది?

ఆ తరువాత ముసురు పట్టింది. చాలా రోజులు పిలుపులు లేవు. ఒకరోజు మధ్యాహ్నం లంకలోంచి నాగన్న అనే జాలరి దోనె వేసుకుని వచ్చాడు. భార్యకి తొలిచూలు, నొప్పులు మొదలై చాలాసేపయిందన్నాడు. ఈదురుగాలి. దోనె కొంతదూరం సాగాక సుభద్రమ్మగారు అలవాటు ప్రకారం టార్చిలైటు తీశారు. అద్దం మీద బొట్టు కనబడింది. మూత తిప్పితే ఆ వాసన. పై బ్యాటరీ ఊడివచ్చింది కాని, అడుగుది ఉబ్బి గొట్టానికి పట్టేసింది. స్ప్రింగు చిలుములో కూరుకుపోయింది. ఊక డబ్బాలో రెండో జత బాగానే ఉంది, కాని దాన్ని వెయ్యడానికి చోటేది? దోనె అంచుకేసి కొట్టారు, తలపిన్నుతో గీకారు. లాభం లేకపోయింది. ఆవిడ ఆ బొట్టు వంక చూసి, "అత్తయ్య" అన్నారు. మూత బిగించి సంచిలో పెట్టేశారు. నాకైతే ఆ క్షణాన ముసలావిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

జాలరుల పాకలకి కిటికీలుండవు. చూరు నేలకి దించి కడతారు. ఆ గాలికి ద్వారానికి తడక అడ్డం పెట్టేశారు. పట్టపగలే లోపల కన్ను పొడుచుకున్నా కనబడదు. ఒక బుడ్డి దీపం ఉంది, అదీ రెపరెపలాడుతోంది. బిడ్డ దక్కింది, కెవ్వుమంది. మాయ కూడా పడింది. కాని రక్తం ఆగలేదు. లోపల ఎక్కడో చీలింది. ఆ చోటు కంటికి కనబడితేనే కుట్టు పడుతుంది. సుభద్రమ్మగారు గుడ్డ అదిమిపెట్టి "దీపం దగ్గరికి తే" అన్నారు. వంచితే కిరసనాయిలు ఒలుకుతోంది, నిలబెడితే ఆవిడ చేతి నీడే అడ్డం వస్తోంది. నాగన్న భార్య పెదవులు తెల్లబడుతున్నాయి. ఆవిడ నా వైపు చూశారు. ఎప్పుడూ లేనిది, ఆ చూపులో భయం కనబడింది నాకు.

"సాయిబుగారు బల్బు వెలిగించినట్టు వెలిగిద్దామండీ" అన్నాను.

"తీగేదే?"

తలపిన్ను పొడుగు చాలదు. పాకంతా తడిమాను, వలలూ తాళ్లే. తడక తీసి బయటికి తొంగిచూస్తే నాగన్న వానలో గొంతుకూర్చుని ఉన్నాడు. వాడి నడుముకి వెండి మొలతాడు. అల్లిన తీగ. "అది ఇలా ఇవ్వు" అన్నాను.

వాడు రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. పక్కనే ఉన్న వాడి తల్లి "అయ్యబాబోయ్, బతికున్న మగోడికి మొలతాడు తీత్తారా అమ్మగోరూ?" అని అడ్డం వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు. మగవాడి మొల నుంచి ఆ తాడు తీసేది పాడె మీదే. లోపలి నుంచి సుభద్రమ్మగారి గొంతు వినిపించింది, గట్టిగా కాదు, రోజూ మాట్లాడినట్టే.

"నాగన్నా, ముందు వలతాడు ముక్క ఒకటి మొలకి కట్టుకో నాయనా. కట్టుకున్నాకే అది విప్పు. నీ మొల ఒక్క క్షణం కూడా బోసిగా ఉండదు. మీ అమ్మనే ముడి వెయ్యమను."

తల్లే ముడి వేసింది. వాడు వెండిది విప్పి నా చేతిలో పెట్టాడు. టార్చిలైటు ముందు మూత విప్పి బల్బు తీశాను. ఊక డబ్బాలోని రెండు బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి తాటాకుతో చుట్టాను. మొలతాడు ఒక కొస అడుగున, రెండో కొస బల్బు మెడకి. వెలిగింది. ఏమంత వెలుగు కాదు, మూరెడు దూరానికి సరిపోయింది. నా వేలు కాస్త సడలితే ఆరిపోతుంది. అందుకని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పట్టుకుని కూర్చున్నాను. సుభద్రమ్మగారు కుట్టు వేస్తున్నంతసేపూ "ఇంకొంచెం కుడికి... ఆఁ, అక్కడే" అని తప్ప మాట్లాడలేదు. రక్తం ఆగింది. ఆ పిల్ల మంచినీళ్లడిగింది. నేను వేళ్లు విప్పబోతే విచ్చుకోలేదు. ఆవిడే ఒక్కొక్కటీ విడదీసి, నా రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుని నలిపారు.

మర్నాడు ఇంటికి చేరాం. అత్తగారు వాకిట్లోనే ఎదురొచ్చి, "దీపం బాగా వెలిగిందా అమ్మాయ్? ఈసారి పూజలో పెట్టాను" అన్నారు. నేను నోరు తెరవబోయాను. సుభద్రమ్మగారు నా కాలు తొక్కి, "బ్రహ్మాండంగా వెలిగిందత్తయ్యా" అన్నారు.

పెరట్లో కూర్చుని పిడకల బూడిదతో గొట్టం తోముతున్నప్పుడు నేను ఆగలేక అడిగాను. "చెబితే ఏమవుతుందండీ? మళ్లీ ఏడు మళ్లీ ఇదే కదా."

"చెబితే ఆవిడ ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోదు. ఊరంతా కాదంటే నన్ను ఈ పనికి పంపింది ఆవిడ. ఆ చేత్తో బొట్టు పెడితే వద్దంటానా? బ్యాటరీల సంగతి నేను చూసుకుంటాలే."

ఎలా చూసుకుంటారో మరుసటి దసరాకి తెలిసింది. పొద్దున్నే గొట్టం నిండా బియ్యం పోసి, మూత బిగించి అత్తగారి చేతికిచ్చారు. "ఖాళీగా లేదత్తయ్యా, బియ్యం పోశాను చూడండి." ఆవిడ ఊపి విని తృప్తిపడ్డారు. పసుపునీళ్ల చెంబు ఎత్తబోయి తనే ఆగి, "వద్దులే, బియ్యం నానిపోతాయి" అని అక్షింతలు వేసి ఊరుకున్నారు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాను. ఎదురు చెప్పకుండా, చిన్నబుచ్చకుండా ఒక మనిషిని అలా దాటుకుపోవచ్చని నేను చూడటం అదే మొదలు. నా నోటిదురుసుకి అది అబ్బడానికి సగం జీవితం పట్టింది, పూర్తిగా అబ్బిందని ఇప్పటికీ అనలేను.

తరువాత కొన్నాళ్లకి నన్ను తాడేపల్లిగూడెం అవతల, పెంటపాడు వైపు ఊళ్లకి వేశారు. ఇక ఒంటరిగా చెయ్యాలి. ఏలూరు స్టేషనులో నాకు ఒకటే గుబులు. "నావల్ల అవుతుందంటారా అండీ?" అన్నాను. ఆవిడ ఇత్తడి టార్చిలైటు నా ఒళ్లో పెట్టారు. "మరి మీకు?" అంటే, "సాయిబుగారు ఉన్నారుగా. ఆయన్ని ఇంకో పూట వేధిస్తాను. బ్యాటరీలు వేరే కట్టాను, మూటలో ఉన్నాయి" అన్నారు. రైలు కదిలింది. ఉంగుటూరు దాటాక, చేతికి బరువుగా తోచి మూత తిప్పాను. ఒళ్లో బియ్యం జలజలా రాలాయి. పెట్టెలో మనుషులున్నారన్న సంగతి కూడా మరిచి ఏడ్చాను.

మా మనవరాలి టార్చిలైటు మర్నాడు బూడిదతో తోమి, ఎండబెట్టి, కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కి చూపించాను. వెలిగింది. బ్యాటరీలు తీసి డబ్బాలో పెట్టి, వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చి గొట్టంలో పోస్తుంటే అది విచిత్రంగా చూసింది. "అదేంటి మామ్మా, టార్చిలైటులో బియ్యం?"

"ఇలా వచ్చి కూర్చో, చెబుతాను" అన్నాను. దాని రెండు చేతులూ తీసుకుని నా చేతుల్లో పెట్టుకున్నాను.