అయాంపోకా కాచిన తొక్కనీళ్ళు

మా సిరిగు ఊళ్ళో ఇల్లు కట్టేది మగవాళ్ళు. పేడమట్టి మెత్తి, గులకరాయితో నునుపు చేసి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో గోడల మీద బొమ్మలు వేసేది ఆడవాళ్ళు. ఆ పనిలో మా పెద్ద తోడికోడలు అయాంపోకా పేరు ఊరంతటికీ తెలుసు. నేను రెండో కోడలిని. ఆమె పక్కన కూర్చుని ఎర్రరాయి నూరేదాన్ని.

ఆ ఏడు జొన్నకోతలయ్యాక మా మరిది అకోల్‌పోకాను పెళ్ళాడి తెచ్చాడు. మనిషి సన్నం, మాట తక్కువ. అత్త గది బయటి గోడలు పూస్తున్నప్పుడు అయాంపోకా ఒక గోడ చూపించి, ఏదో ఒకటి గీయమంది. ఆ పిల్ల చెయ్యి ఎత్తకుండా ఈ చివర నుంచి ఆ చివరికి కొండచిలువను గీసింది. చూపు సరిగా ఆనని అత్త దగ్గరికొచ్చి, పాము ఒంటిని వేలితో తడిమి చూసింది.

"ఇది పాకుతోందే" అంది.

"పామును ఎవరైనా గీస్తారత్తా. మొసలిని గీయమను చూద్దాం" అంది అయాంపోకా.

మర్నాడు అకోల్‌పోకా మొసలిని కూడా గీసింది.

అది మొదలు, గోడలు పూయించుకునేవాళ్ళు కొత్త కోడలిని పంపమని అడగసాగారు. అయాంపోకాకు తిండి సయించడం మానేసింది. నీళ్ళకు వెళ్తూ రోజూ ఆ కొండచిలువ గోడ దగ్గర ఆగేది. ఎందుకని అడిగితే పగుళ్ళు చూస్తున్నానంది.

రంగు నిలవాలంటే దవాదవా చెట్టు కాయల తొక్కలు కాచిన చిక్కటి నీళ్ళు పైన పూయాలి. ఏటా కాచేది అయాంపోకాయే. ఆ ఏడు అకోల్‌పోకాకిచ్చిన కుండలో బావినీళ్ళు కలిపింది. నేను చూశాను, నోరు మెదపలేదు. ఆ తప్పు నాది కూడా.

తొలివాన కురిసింది. కొండచిలువ ఎర్రటి బురదై గడప దాకా కారింది. పక్క గోడ మీది అయాంపోకా పక్షులు చెక్కుచెదరలేదు.

"మీ పుట్టింట్లో పూత పూయడం నేర్పలేదా పిల్లా?" అని అందరి ముందూ అడిగింది. అకోల్‌పోకా తలొంచుకుని బురద ఎత్తిపోసింది.

రెండు రోజులకు మేం ముగ్గురం మట్టి తవ్వుకోవడానికి వెళ్ళాం. అక్కడ అకోల్‌పోకా నెమ్మదిగా అంది: "నీళ్ళు పలచగా ఉన్నాయని వేలు ముంచగానే తెలిసిందక్కా."

"మరెందుకు పూశావు?"

"వద్దంటే ఎందుకని అత్త అడిగేది. అప్పుడు నీ పేరు చెప్పాల్సొచ్చేది."

అయాంపోకా పార పక్కన పెట్టేసింది. తవ్విన మట్టిని ఆ రోజు నేనే మోశాను.

మరుసటి ఏడు ఆమె తొక్కలను రెండు రోజులు కాచింది. అకోల్‌పోకా మళ్ళీ గీసిన పాముకు తన చేత్తోనే పూసింది. అలాగని అసూయ పోయిందని చెప్పలేను. ధాన్యపు గాదె వెనక ఎవరూ చూడని చోట బొగ్గుతో, చెయ్యి ఎత్తకుండా పామును గీయబోయేది. మూడో వంపు దగ్గర గీత తెగిపోయేది. అరచేత్తో చెరిపేసి వచ్చేది.

బతికినంత కాలం అకోల్‌పోకాను ఒక్కసారైనా మెచ్చుకోలేదు. కానీ ఎవరైనా పిలవడానికి వస్తే మాత్రం గుమ్మంలోనే చెప్పేది:

"పాము కావాలంటే ఆ పిల్లను తీసుకెళ్ళండి. పక్షులైతే నేనొస్తాను."