తోక కోయని మాట

మా తమ్ముడు నాటకాలకి సౌండు ఆడిస్తాడు. స్టేజి మీద తలుపు చప్పుడైనా, వాన కురిసినా, ఫోను మోగినా అంతా వాడి లాప్‌టాప్‌లోంచే. నేను అదే ట్రూపులో బట్టలు చూస్తాను. చిరిగితే కుట్టడం, వదులైతే బిగించడం, నటులు విసుక్కుంటే పడటం. ఊరికే పడతానా, రెండు అంటించి మరీ పడతాను.

వాడి పాత లాప్‌టాప్ గురించి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. మూత విరిగితే ప్లాస్టరేసి నిలబెట్టాడు. లోపలి ఫ్యాను అందుకుందంటే పిండిమర పక్కన కూర్చున్నట్టే. పోయిన టూర్లో నాటకం మంచి రసపట్టులో ఉండగా దానంతటది ఆగిపోయింది. తండ్రి వేషం వేసినాయన పాపం, మోగని ఫోను ఎత్తి "హలో" అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. డైరెక్టరు గారు తెగేసి చెప్పారు, కొత్తది కొంటేనే బస్సెక్కమని.

"ఇదే చాలండీ" అని మావాడు మొండికేశాడు. ఎందుకో నాకు తెలుసు.

వాడి పెళ్ళాం పోయి ఏడాది తిరగలేదు. మా మేనమామ కూతురే. చిన్నప్పట్నించీ "బావా, బావా" అంటూ వాడి వెనకే తిరిగిన పిల్ల, పెళ్ళయ్యాక మా ట్రూపులోనే ప్రాంప్టింగ్ చెప్పేది. ఒకరోజు రికార్డింగుకి రావాల్సిన నటి ఎగ్గొడితే, తనే మైకు ముందు నిలబడి ఒక్క మాట చెప్పింది. నాటకంలో పక్కగదిలోంచి తల్లి అంటుంది, "తలుపేసుకో నాన్నా, నేను వచ్చేస్తాగా" అని. అంతే. ఇప్పటికీ ప్రతి షోలో ఆ మాట దాని గొంతుతోనే పడుతుంది. ఆ మాట వచ్చేసరికి మావాడు హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు.

రికార్డింగుల దగ్గర వాడిదో పద్ధతి. "తల కోసెయ్యాలి, తోక వదిలెయ్యాలి" అంటాడు. నొక్కగానే మాట పడాలి కాబట్టి ముందున్నదంతా కోసేస్తాడు. చివర మాత్రం కాస్త ఉంచుతాడు, షోలో మిక్సరు మీద చేత్తో మెల్లగా సౌండు తగ్గించుకోడానికి. అసలు రికార్డింగు ఇక అనవసరమని చెరిపేస్తాడు. ఆ పిల్ల పోయాక, వినలేక వదిలేసిన ఆ తల్లి మాట ఒక్కటి తప్ప, పాత లాప్‌టాప్ అంతా గాలించాడు. "అక్కా, నన్ను 'బావా' అని పిలిచింది ఒక్కటీ లేదే. నా చేతుల్తో నేనే కోసేశాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొద్దస్తమానం పక్కపక్కనే ఉండే ఇద్దరికీ ఫోన్లెందుకు? ఫొటోలు బోలెడు, గొంతే లేదు.

చివరికి నేనే రెక్క పుచ్చుకుని షాపుకి లాక్కెళ్ళాను.

"ఆఫీసు పనికా సార్, గేములకా?" అంది షాపమ్మాయి.

"నాటకానికి" అన్నాడు. ఆ పిల్ల గుడ్లప్పగించి చూసింది. వాడు ఒక్కోదానికీ చెవి ఆనించి వినడం, చీకట్లో తడుముకున్నట్టు కళ్ళు మూసుకుని స్పేస్‌బార్ నొక్కడం, వైరు పెట్టి వదులుందేమోనని ఊపడం. బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోయాలి కదా, చేత్తో బరువు కూడా చూశాడు. సంబంధం చూడ్డానికి వచ్చినట్టు ఇన్ని వంకలేంట్రా అన్నాను. నవ్వలేదు.

ఆఖరికి ఫ్యానే లేని సన్నపాటిదొకటి నచ్చింది. "బాగా చిన్న సౌండుంటే వేసి చూడండి సార్, అసలు గుర్రుమనదు" అంది ఆ పిల్ల. వాడి పెన్‌డ్రైవులో అన్నిటికంటే నెమ్మదైనది ఆ ఒక్క మాటే. వద్దన్నట్టు నా వైపు చూశాడు. "వెయ్యరా, ఎన్నాళ్ళు పారిపోతావ్" అని కసిరాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని నొక్కాడు.

అక్కడ తగ్గించడానికి మిక్సరు లేదు. మాట అయిపోయాక కూడా అది ఆడుతూనే ఉంది. మావాడి మొహం పాలిపోయింది. నాకు భయమేసి హెడ్‌ఫోన్ లాక్కుని మళ్ళీ మొదట్నించీ వేయించుకుని విన్నాను.

"తలుపేసుకో నాన్నా, నేను వచ్చేస్తాగా." కాసేపు ఏమీ లేదు. తర్వాత మైకుకి దూరంగా జరిగి, చాలా మెల్లగా, మా పిల్ల గొంతు. "బావా, బాగా వచ్చిందా? ఇంకోసారి చెప్పనా?"

దాని మీదే వీడి గొంతు, పనితొందరలో. "వద్దులే, చాలు."

ఇన్నాళ్ళూ వాడి చెయ్యి తగ్గించేసిన చోటే, ఆ పిండిమర చప్పుడు కింద, అది అక్కడే ఉంది. షాపని కూడా చూడకుండా ఏడ్చేశాను. వాడు మాత్రం "ఇదే ప్యాక్ చెయ్యండి" అన్నాడు, అంతే.

కొత్తదానితో మొదటి షో. వాడి బల్ల స్టేజి పక్కనే, నేను చేతిలో చొక్కాతో తెర వెనక నిలబడ్డాను. ఆ మాట పడింది. హాల్లోకి వెళ్ళే సౌండు ఎప్పట్లాగే మెల్లగా తగ్గించాడు. హెడ్‌ఫోన్ మాత్రం తియ్యలేదు. అందులో మిగతాది వాడొక్కడికే వినిపిస్తోంది.

వాడి పెదాలు కదిలాయి. చాలు అని కాదు. "చెప్పవే" అన్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పుకుని విన్నాడు, మళ్ళీ "చెప్పవే" అన్నాడు.

తర్వాత పడాల్సిన తలుపు చప్పుడు పడలేదు. స్టేజి మీద అమ్మాయి తలుపుకేసి చూస్తూ నిలబడిపోయింది. అవతలి పక్కనుంచి డైరెక్టరు గారు కంగారుగా చేతులూపుతున్నారు. నేను వాణ్ణి పిలవలేదు. చొక్కా కింద పడేసి, పక్కనున్న చెక్క మీద పిడికిలితో దబదబా కొట్టాను.