జనగామ గొప్పదా, మానుకోట గొప్పదా?

ఎనభైల్లో నెలకు నాలుగుసార్లు అదే ప్యాసింజరు రైల్లో తిరిగే మాకిద్దరికి, ఎవరి ఊరు గొప్పదన్న పంచాయితీ సముద్రాలు ఎండినా తెగేది కాదు.

"మీ జనగామల తాగ నీళ్లు లేవు గదనే!" అని ఆ రోజు మానుకోట మిత్రుడు ఎత్తిపొడిచాడు.

"నీళ్లదేముంది? మా దవాఖానల సచ్చినోడు సుత లేచి చాయ్ అడుగుతడు!" అన్నాను.

గార్లలో ఎక్కి ఎదురుగా కూర్చున్న రైతు మా మాటలు వింటూనే ఉన్నాడు. రైలు మానుకోటలో ఆగింది.

"ఈడనే దిగుదామనుకున్న అన్నా. నీ మాట ఇన్నంక జనగామకే వస్త," అంటూ ధోవతి పైకి జరిపాడు. పిక్కకు తువ్వాల బిగించి కట్టి ఉంది. దాని కింద పాదం వంకాయలా నల్లబడి, గుమ్మడికాయంత ఉబ్బింది.

"పొద్దుగాల చేన్ల పురుగు ముట్టింది," అన్నాడు. పాము పేరు ఎత్తకూడదని అలా అన్నాడు.

జనగామ ఇంకా మూడు గంటల దూరం.

"నేను చెప్పిందంత అబద్ధం! దిగు అన్నా, దిగు!"

ఇద్దరం అతన్ని ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీదికి దూకాం. రైలు మమ్మల్ని వదిలి పోయింది.

మానుకోట దవాఖానాలో సూదిమందు ఎక్కుతుండగా అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"మరి గంత నమ్మకంగ ఎట్ల చెప్పినవన్నా?"