స్వరూప కంప్యూటర్లో మా అమ్మ

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. కోరుట్లలో మా వాడలో ఎవరికైనా పూనకం వస్తే ముందు వరసలో నిలబడి, వాళ్లు కళ్లు నిజంగా మూసుకున్నారా, సందులోంచి చూస్తున్నారా అని గమనించేదాన్ని. ఇప్పుడూ అంతే. ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నాకు మంచిపేరు తెచ్చే సంగతులు తక్కువ. చెడ్డపేరు తెచ్చేవి దాచేస్తే మిగతాది చెప్పడం కుదరదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను జగిత్యాలలో ఒక డిజైన్ సెంటర్లో పనిచేసేదాన్ని. మా దగ్గర మనుషుల బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. అందులో ఆడ, మగ, పిల్లలు, ముసలివాళ్లు అందరూ రెడీమేడ్‌గా ఉంటారు. బోడి తల, ఏ భావమూ లేని ముఖం. పక్కన వరసగా డయల్స్. ఒకటి తిప్పితే ముక్కు పొడుగవుతుంది, ఇంకొకటి తిప్పితే చెంప లోపలికి పోతుంది. దేన్ని ఎంత తిప్పామో దాని పక్కనే అంకె పడుతుంది. ఏమీ తిప్పకపోతే అన్నీ సున్నాలే.

సిరిసిల్ల చీరల వ్యాపారి ఒకాయన మాకు పని ఇచ్చాడు. ఆయన చీరలు కట్టుకుని ఫొటోలు దిగే అమ్మాయిలు హైదరాబాద్ నుంచి రావాలి. బందుల వల్ల రెండుసార్లు రాలేకపోయారు. ఇక లాభం లేదని, కంప్యూటర్లోనే మనుషులను చేసి చీరలు కట్టించమన్నాడు.

ఆ పని నాకూ స్వరూపకూ అప్పగించారు. స్వరూపది బీర్పూర్, వాళ్ల నాన్న కల్లు గీసేవాడు. ఆమెకు ఆ సాఫ్ట్‌వేర్ నేర్పిందే నేను. మూడు నెలలు తిరక్కుండానే నన్ను దాటిపోయింది. నేను చేసిన మనిషికి కొలతలన్నీ సరిగ్గా ఉండేవి. ఆమె చేసిన మనిషి మాత్రం ఇప్పుడే ఏదో అనబోయి ఆగినట్టు ఉండేది.

ఒకరోజు మా సార్ అందరి ముందే అన్నాడు. "సుజాతా, నువ్వు జేస్తె బొమ్మ అయితది. స్వరూప జేస్తె మనిషి అయితది. జెర చూసి నేర్చుకోరాదు?"

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి స్వరూప డబ్బాలోంచి పచ్చడి తీసుకోవడం మానేశాను. ఆమె గాజుల చప్పుడు విన్నా చిరాకేసేది. ఆమె పనిలో తప్పులు వెతికేదాన్ని. దొరక్కపోతే ఇంకా మండేది.

నాకు ఎవరికీ చెప్పని పని ఒకటుండేది. మా అమ్మ లచ్చవ్వ బీడీలు చేసేది. నా ఆరో ఏట చనిపోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్న పెళ్లి ఫొటోను చెదలు తినేశాయి. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఆమె మాటే ఎత్తేవాడు కాదు. నాకు గుర్తున్నవి రెండే. ఒడిలో తునికాకు వాసన, ఎడమ కనుబొమ్మను మధ్యలో చీల్చిన చిన్న మచ్చ. దాదాపు ఏడాది పాటు, మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు, డయల్స్ తిప్పుతూ అమ్మ ముఖం కోసం వెతికాను. ప్రతిసారీ ఎవరో ఒకామె వచ్చేది. అమ్మ వచ్చేది కాదు. అక్కడికక్కడే చెరిపేసేదాన్ని. సేవ్ చేయలేదు, ఎవరికీ చూపించలేదు.

ఇంతలో ఆ వ్యాపారి, పనికి పోయే ఆడవాళ్లు కట్టుకునే రోజువారీ చీరలు పంపాడు. మన ఊరి మనిషిలా ఉండాలన్నాడు. స్వరూప పొద్దున కూర్చుని రెండు గంటల్లో చేసింది. స్టేప్లర్ కోసం ఆమె బల్ల దగ్గరికి పోయిన నేను స్క్రీన్ చూసి అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఎడమ కనుబొమ్మ మధ్యలో మచ్చ.

"ఇదెందుకు పెట్టినవ్?" అన్నాను.

"ఏమో అక్కా. ఆమెకు ఉండాలె అనిపిచ్చింది."

"నన్ను చూసినవా? నేను చేస్తుంటే చూసినవా?"

"నువ్వేం చేసినవ్ అక్కా?" స్వరూప ముఖంలో దాపరికం లేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

మచ్చ చాలామందికి ఉంటుంది అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ప్రింట్లు వ్యాపారికి చూపించడానికి సార్ నన్ను సిరిసిల్ల పంపాడు. దారిలో ఉద్యమం వాళ్ల వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు, బస్సు రెండు గంటలు ఆగింది. ఒకామె నాకూ విస్తరి వేసి అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ నా ఆలోచన ఒకటే. మా అమ్మకు అక్క సిరిసిల్లలోనే ఉంటుంది, మరమగ్గాల దగ్గర కండెలు చుడుతుంది. ఆమె ఈ ప్రింటు చూసి "కాదు" అనాలి. కాదంటే నా కడుపు చల్లబడుతుంది.

వ్యాపారి పని చూసుకుని ఆమె దగ్గరికి పోయాను. పెద్దమ్మ చేతులు తుడుచుకుని ప్రింటు అందుకుంది. వెలుతురులోకి పట్టి చూసింది.

"యాడ దొరికిందే గిది? మా లచ్చవ్వ ఫోటో?"

"ఫోటో కాదు పెద్దమ్మా. మాతాన స్వరూప అని ఒక పిల్ల కంప్యూటర్ల చేసింది."

"చేసుడేంది? చెవు చూడు."

అప్పటిదాకా నేను చెవి గమనించనే లేదు. కుడి చెవి తమ్మె కింద రెండుగా చీలి ఉంది.

"గది నువ్వు చేసిందే బిడ్డా," అంది పెద్దమ్మ. "ఎనిమిది నెలల పిల్లవు. పాలు తాగుకుంట కమ్మ పట్టి గుంజినవ్. నెత్తురు కారినా నిన్ను ఒక్క మాట అననియ్యలే. గప్పట్నుంచి చెవు మీద కొంగు కప్పుకుంటుండె."

ఈ సంగతి నాకు తెలియదు. పెద్దమ్మ ఎప్పుడూ చెప్పలేదు. స్వరూప పెద్దమ్మను చూడలేదు, సిరిసిల్లకే రాలేదు. నేను ఎంత అడిగినా పెద్దమ్మ ఆ ప్రింటు తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు సెంటర్‌కు ముందుగా పోయి స్వరూప కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాను. ఏ డయల్ ఎంత తిప్పిందో చూసి, అవే అంకెలు రాసుకుందామని నా ఆశ. డయల్స్ అన్నీ సున్నాల మీద ఉన్నాయి. ముక్కు సున్నా, చెంపలు సున్నా, వయసు సున్నా. తమ్మె చీల్చే డయల్ ఆ సాఫ్ట్‌వేర్లో అసలు లేనే లేదు. ముఖం మాత్రం అమ్మదే.

ఫైలు కాపీ చేసి నా కంప్యూటర్లో తెరిచాను. చీర వచ్చింది. ముఖం రాలేదు. బోడి తల, ఏ భావమూ లేని రెడీమేడ్ మనిషి. మూడుసార్లు కాపీ చేశాను, మూడుసార్లూ అంతే. స్వరూప కంప్యూటర్లో తెరిస్తే మళ్లీ అమ్మ.

నాకు భయం వేయలేదు. కడుపు మండింది. ఏడాది పాటు పిలిచింది నేను. చెవి చీల్చినా భరించింది నన్ను. వచ్చింది మాత్రం మొన్న మొన్న పని నేర్చుకున్న పిల్ల దగ్గరికి.

మధ్యాహ్నం స్వరూప డబ్బా కడుక్కోవడానికి పోయినప్పుడు ఆ ఫైలు తీసేశాను. కాపీలు కూడా మిగల్చలేదు.

ఆమె వచ్చి చూసుకుంది. సార్‌కు చెప్పలేదు, అరవలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఎవరక్కా ఆమె?"

అప్పుడు చెప్పేశాను. అంతా చెప్పాను, తీసేసింది నేనే అని కూడా. స్వరూప నాకంటే ముందు ఏడ్చింది. "మల్ల జేస్త అక్కా, ఏడువకు. చేతికి యాదికుంటది" అంది.

మొదటిసారి చేసినప్పుడు డయల్స్ నిజంగా తిప్పావా అని అడిగాను. గంటసేపు తిప్పానంది. మరి సున్నాలెందుకున్నాయంటే ఆమెకూ తెలియదు.

నాలుగు రోజులు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. మచ్చ పెట్టింది, చెవి చేత్తో గీసింది. ఎవరెవరో వచ్చారు, అమ్మ రాలేదు. నాలుగో రోజు సాయంత్రం స్వరూప మౌస్ వదిలేసి "రాదక్కా" అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగా అనిపించింది. ఆమెకూ రాలేదు కదా అని. ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాత కంప్యూటర్లు తెలిసినవాళ్లను చాలామందిని అడిగాను. ఫైలు పాడై ఉంటుందన్నారు. పాడైన ఫైలు ముఖాన్ని పోగొడుతుంది గానీ, ఎక్కడి నుంచో తెచ్చి ఎట్లా పెడుతుందో ఒక్కరూ చెప్పలేకపోయారు.

పెద్దమ్మ పోయాక ఆమె కోడలు ఆ ప్రింటు తెచ్చి నాకిచ్చింది. చీర ఎరుపు వెలిసింది, చెవి బాగానే కనిపిస్తుంది. స్వరూప ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నా పిల్లల గురించి అడగకముందే, "అమ్మ మంచిగున్నదా అక్కా?" అంటుంది.

ఆ ప్రింటు వైపు చూసి, మంచిగనే ఉన్నదని చెప్తాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏ పనీ తోచదు. స్వరూప ఎవరని, మా అమ్మ గురించి అంత చనువుగా అడుగుతుంది?