ఇరవై అడుగుల ఇనుప పైపు

తెలంగాణ కొట్లాట మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో, యూనివర్సిటీ వెనక మా బస్తీలో బందులకూ నినాదాలకూ కొదువ లేదు, నీళ్లకే కరువు. నాకప్పుడు ఇరవై నిండలేదు. కొత్త కోడలిని. సంతకం చేయడం మా ఆయన అప్పుడప్పుడే నేర్పుతున్నాడు (ఇప్పటికీ అంతవరకే వచ్చు, నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది, మధ్యలో నవ్వుతోంది కూడా). కింద సంపు, పైన మా గది, మధ్యలో పద్దెనిమిది మెట్లు. పొద్దున లేస్తే బిందె చంకనెత్తుకుని ఆ మెట్లెక్కడమే నా ఉద్యోగం. చివరికి ఎలాగో మోటారు కొన్నారు, మిద్దె మీద నల్ల ట్యాంకు కూర్చోబెట్టారు. ఇక సంపు నుంచి ట్యాంకు దాకా పైపు వేస్తే చాలు. పేచీ అక్కడే వచ్చింది.

అత్తమ్మకు ప్లాస్టిక్ పైపే కావాలి. ముషీరాబాద్‌లో ఆమె తమ్ముడు అమ్మేది అదే మరి. ప్లంబర్ మాత్రం నన్ను చాటుకు పిలిచి, "పడమటి గోడ చెల్లె. ఎండకు ప్లాస్టిక్ పెళుసైతది, పోరగాళ్లు ఏలాడితే ఇరుగుతది. ఇనుపది తెప్పియ్యి. ఇయ్యాల సాయంత్రంలోపల తేకుంటే నేను వేరే పనికి పోత, నెల దాక రాను" అన్నాడు. నెలంటే ఇంకెన్ని బిందెలో! చూస్తే ఆ రోజు బంద్, ముషీరాబాద్ దుకాణం మూత. తార్నాకలో ఒక సేటు షట్టర్ సగం ఎత్తి అమ్ముతున్నాడని తెలిసింది. "ఏడ కొన్నా ప్లాస్టికే తేండ్రి" అని అత్తమ్మ హుకుం. మా ఆయన తల ఊపాడు. తల్లి ముందు ఆయన చేయగలిగింది అదొక్కటే. క్యాంపస్‌లో తోటమాలి పని చేసీ చేసీ చెట్లలాగే ఉండేవాడు, నీళ్లు పోస్తే పెరుగుతాడు గానీ మాట్లాడడు.

దుకాణంలో నేను చేసిన ఘనకార్యం వినండి. కుండ కొనేటప్పుడు మా ఊళ్లో వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా, అలాగే పైపులన్నీ వరసగా కొట్టి చూశాను. ప్లాస్టిక్‌ది బొద్దుగా "దబ్" అంది. ఇనుపది గుడి గంటలా ఖంగుమంది. "గిదే!" అన్నాను. సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గది కుండనా బిడ్డా? ఇనుము లోపల తుప్పు పడ్తది, కొన్నేండ్లకు నీళ్లు ఎర్రగొస్తయ్." మా ఆయన నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. "ఎర్రగొచ్చినప్పుడు చూద్దాం తియ్ సేటూ, గప్పటిదాక మెట్లైతే ఎక్కుడుండది" అన్నాను.

పైపు కోసిచ్చే పనివాడు బంద్ వల్ల రాలేదు, ఆటో ట్రాలీలు లేవు. ఇరవై అడుగుల పైపు ఉన్నదున్నట్టు భుజాన వేసుకున్నాం, ముందు ఆయన, వెనక నేను. క్యాంపస్‌లోకి వచ్చేసరికి ఎదురుగా విద్యార్థుల ర్యాలీ. పక్కకు తిరుగుదామంటే పైపు తిరగదు, తిరిగితే పదిమంది తలలు పగులుతాయి. వాళ్లెటు పోతే మేమూ అటే! ఎవడో ఆయన వైపు కొసకు గులాబీ కండువా కట్టేశాడు. "అక్కా, జెండా కట్టె మస్తుగున్నదే!" "కట్టె కాదు తమ్మీ, మా నీళ్ల పైపు!" "నీళ్ల కోసమే గదక్కా కొట్లాట, నడువు!" అలా ఇంటికి సరిగ్గా అవతలి దిక్కున ఆర్ట్స్ కాలేజీ ముందు తేలాం.

అందరూ చెట్ల నీడన కూర్చున్నారు. నేనీ కొసన, ఆయన ఆ కొసన. అత్తమ్మ గుర్తొచ్చింది. పైపుకు నోరు పెట్టి, "గిది ఎవరు ఏరిండ్రని అత్తమ్మ అడిగితే ఏమంటవ్?" అని అడిగాను. చెవి ఆనించాను. ఆయన గొంతు వచ్చింది, బావిలోంచి వచ్చినట్టు. "నువ్వు మెట్లెక్కుతుంటే నీ ఆయాసం నాకు ఇనపడ్తది." పెళ్లయిన ఆరు నెలల్లో ఆయన అంత పొడుగు మాట చెప్పడం అదే మొదలు. నేను చెవి ఇంకా గట్టిగా ఆనించాను. ఇంతలో ఆయన పక్కనున్న పిల్లగాడు పైపులో నోరు పెట్టి, ఉన్న బలమంతా తీసి "జై తెలంగాణ!" అన్నాడు. రెండు రోజులు ఆ చెవి పనిచేయలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ప్లంబర్ సంచి సర్దుకుంటున్నాడు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "ప్లాస్టిక్ తెమ్మంటె గీ ఇనుపదేంది? ఎవరి తెలివిరా ఇది?" అంది నన్నే చూస్తూ. మా ఆయన ఈసారి తల ఊపలేదు. పైపు వణుకుతోంది, ఏ కొసన వణుకో తెలియదు.

"నాదే అమ్మా."

"మా తమ్మునికి ఏం చెప్పాలె?"

"ఇనుపది తెచ్చినమని చెప్పు."

అత్తమ్మ గుమ్మం వదిలి పైపుకు దారిచ్చింది. దీపాల వేళకు మోటారు వేస్తే నీళ్లు గోడెక్కి ట్యాంకులో దూకాయి. నేను మెట్ల మీద ఊరికే, బిందె లేకుండా, నాలుగుసార్లు ఎక్కి దిగాను.

మర్నాటి నుంచి అసలు బాధ మొదలైంది. పైపు గట్టిదనం చూసి బస్తీలో వాళ్లంతా "అన్నా, మా ఇంటికి ఏది వేస్తే బాగుంటదే?" అని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన గంభీరంగా "ఇనుపది" అనేవాడు. నేను వంటింట్లో గిన్నెలు ధనాధనా పడేసేదాన్ని. తిట్లు ఆయన ఖాతాలో పడితే చాలనుకున్నాను గానీ మెప్పు కూడా అటే పోతుందని అప్పటి నాలాంటి పిచ్చిపిల్లకు తట్టలేదు! ఆయన పోయి నాలుగేళ్లు. మొన్న పక్కింటి కొత్త కోడలు గోడకేసి చూస్తూ, "ఈ పైపు ఎవరు ఏరిండ్రు పెద్దమ్మా?" అని అడిగింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"మా ఆయనే బిడ్డా" అన్నాను.