ఏ రీలు కొనమంటావు?

1984, మే నెల. విస్కాన్సిన్ ఉత్తరాన, పేపర్ మిల్లుని నమ్ముకుని బతికే ఒక చిన్న ఊళ్లో నేను ఇంటర్నిస్టుని. అంటే పెద్దవాళ్ల ఒంట్లో ఏం తేడా చేసినా ముందుగా చూసే డాక్టరుని. బీపీ, షుగర్, ఆయాసం, నీరసం, అన్నీ నా గుమ్మం దాటాకే ఇంకొకరి దగ్గరికి వెళ్లేవి. అప్పట్లో నాకు కొంచెం పొగరుండేది. మనిషి నడిచొచ్చే తీరు చూసే సగం జబ్బు చెప్పేసేదాన్ని. గ్రోసరీ స్టోర్‌లో కార్ట్ తోసుకుంటూ ముందు వెళ్లేవాళ్ల మీద కూడా ఈ విద్య ప్రయోగిస్తుంటే మా ఆయన, "నువ్వు డ్యూటీలో లేవు, పాలు తీసుకో" అని విసుక్కునేవాడు. ఏం చేయను? మెడికల్ కాలేజీలో మాకు నూరిపోసింది అదే. చూడు, బాగా చూడు, చూసింది చెప్పు.

రామ్మోహన్ గారు ఆ మిల్లులో మెకానికల్ ఇంజనీరు. కాగితాన్ని లాగి చుట్టే పెద్ద పెద్ద రోలర్లు, వాటిని తిప్పే గేర్లు, అదే ఆయన లోకం. రాజమండ్రి వైపు మనిషి, యాభై దాటాయి. ఊరు మొత్తానికి తెలుగువాళ్లం రెండే ఇళ్లవాళ్లం కాబట్టి చుట్టరికాలు మేమే కల్పించుకున్నాం. ఆయన భార్య సుశీలని నేను అక్కయ్యా అనేదాన్ని, అలా ఆయన నాకు బావగారయ్యారు. బీపీ మాత్రలకి కూడా నా దగ్గరికే వచ్చేవారు.

బావగారికి మస్కీ పిచ్చి. మస్కీ అంటే అక్కడి లేకుల్లో ఉండే బారెడు చేప, నోటినిండా పళ్లు. ఓ పట్టాన దొరకదు. రోజుల తరబడి గాలం విసిరితే ఎప్పుడో ఒకసారి పడవ దాకా వెంటవచ్చి, మన మొహం చూసి వెనక్కి పోతుంది. గోదావరి చేపల పులుసు తిని పెరిగిన మనిషి, ఇంత యాతనపడి పట్టిన చేపతో ఒక ఫోటో తీయించుకుని దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. "కూరకి రాని చేప కోసం కొంప వదిలి తిరుగుతారా ఎవరైనా?" అని అక్కయ్య నెత్తి కొట్టుకునేది. మా ఆయనకి చేపల వాసనే పడదు. అందుకని పడవలో నెట్ పట్టుకునే ఉద్యోగం నాకు దక్కింది. ఎగతాళికి వెళ్లి, రెండేళ్లలో నేనూ అలవాటు పడిపోయాను.

మస్కీకి వేసే లూరు, అంటే చేపని మోసం చేసే బొమ్మ ఎర, బాగా బరువుంటుంది. బావగారికి ఇష్టమైంది బక్‌టెయిల్ అనే రకం. జింక తోక వెంట్రుకల కుచ్చు, దాని ముందు గిర్రున తిరిగే ఇత్తడి రేకు. దాన్ని దూరంగా విసిరి, నీటి అడుగున పెరిగే గడ్డికి తగలకుండా పైపైన వేగంగా లాక్కురావాలి. నెమ్మదిస్తే మునిగి గడ్డిలో చిక్కుకుంటుంది. పడవ దగ్గరికి వచ్చాక వెంటనే పైకి తీసేయకూడదు. రాడ్, అదే గాలం కర్ర, కొన నీళ్లలో ముంచి, పడవ పక్కనే పెద్ద ఎనిమిది అంకె గీయాలి. వెంటవచ్చిన మస్కీ ఆ మలుపు దగ్గర మనసు మార్చుకుని లూరు పట్టుకుంటుందట. చేప వచ్చినా రాకపోయినా బావగారు ప్రతి విసురుకీ ఆ ఎనిమిది గీసేవారు, హారతి పట్టినంత శ్రద్ధగా.

ఆ నెలాఖరు శనివారం మస్కీ సీజన్ మొదలు, ఆ రోజు నుంచి నవంబర్ దాకే దాన్ని పట్టనిస్తారు. అంతకు ముందు బుధవారం, నాకు క్లినిక్ లేని మధ్యాహ్నం, బావగారు ఫోన్ చేశారు.

"డాక్టరమ్మా, ఖాళీయేనా? రీలు కొనాలి, నువ్వూ రా."

"రీళ్ల గురించి నాకేం తెలుసు బావగారూ?"

"తెలియక్కర్లేదమ్మా, పక్కన ఉంటే చాలు. నా పాత రీలు స్లో అయిపోయింది. పోయిన ఫాల్‌లో, అక్టోబర్‌లో చూశావుగా, లూరు కిందికి దిగిపోయి అంతా గడ్డే లాక్కొచ్చింది. హై-స్పీడ్‌ది కొంటే సరిపోద్ది."

కార్‌లో వెళ్తూ నాకు పాఠం చెప్పారు. బెయిట్‌కాస్టింగ్ రీలు అంటే రాడ్ మీద అడ్డంగా కూర్చుని దారం చుట్టుకునే చిన్న యంత్రం. హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే లోపల దారం ఉండే కండె, అదే స్పూల్, ఎన్ని చుట్లు తిరుగుతుందో అది గేర్ రేషియో. ఆయన పాత రీలులో అది ఐదుకి లోపు, కొత్తగా వచ్చిన హై-స్పీడ్ వాటిలో ఆరు.

"అయితే అందరూ అవే కొనుక్కోవచ్చుగా?" అన్నాను.

"స్పీడు ఊరికే రాదమ్మా. సైకిల్‌ని టాప్ గేర్‌లో పెట్టి ఎత్తు ఎక్కినట్టు ఉంటది. లూరు బరువైతే చెయ్యి పట్టేస్తది."

గేర్ల గురించి అడిగితే బావగారి మొహం వెలిగిపోయేది. ఆ రోజు గొంతులో ఆ హుషారు ఉంది గానీ మొహం కదలలేదు. నేనది గమనించాను. గమనించి మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

షాపు ఓనరు గ్యారీకి ఆయన పాత స్నేహితుడే. రెండు రీళ్లు కౌంటర్ మీద పెట్టాడు, ఒకటి హై-స్పీడ్, ఒకటి తక్కువ రేషియోది. "రామ్, చెక్క లూర్లకైతే ఫాస్ట్‌ది తీసుకో, దారం వదులైనప్పుడు చటుక్కున లాగేయొచ్చు. నీ బక్‌టెయిల్స్‌కి మాత్రం స్లోదే నయం. రేకు కాస్త పెద్దది ఉన్నది కట్టుకో, మెల్లగా లాగినా మునగదు. రోజంతా తిప్పేది నీ చెయ్యి, నాది కాదు" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. బావగారు కూడా నవ్వే మాటే అన్నారు, కానీ నవ్వు మొహం మీదికి రాలేదు.

షాపు వెనక గడ్డిలో విసిరి చూసుకోమని, హుక్కులు తీసేసిన లూరు కట్టి రాడ్ ఇచ్చాడు గ్యారీ. ముందు హై-స్పీడ్‌ది. బావగారు బాగానే విసిరారు. హ్యాండిల్ మొదట చకచకా తిరిగింది. పోనుపోను జోరు తగ్గింది. మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి ఎవరో గుర్తు చేసినట్టు మళ్లీ మొదలైంది. తర్వాత రెండోది. అది తేలిగ్గా తిరిగేది కదా, దానితోనూ జోరు తగ్గుతూనే వచ్చింది గానీ చెయ్యి ఆగలేదు, లూరు చివరిదాకా వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన గడ్డి మీదే రాడ్ కొనతో ఎనిమిది గీశారు. మొదటిది బారెడు. దాని మీద ఇంకోటి, మూరెడు. ఆ తర్వాతది జానెడు.

పోయిన అక్టోబర్‌లో పడవలో కూడా సాయంత్రానికి ఆ ఎనిమిది అలాగే చిన్నదైపోతుంటే, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయనుకున్నాను. గ్యారీ రాడ్ తీసుకుని లోపలికి వెళ్లాడు. మేమిద్దరం పార్కింగ్ లాట్ మీదుగా అతని వెనక నడుస్తున్నాం. బావగారి ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఊగడం లేదు. అంతే, ఇక నాకు ఆగడం చేతకాలేదు.

"బావగారూ, బొటనవేలూ చూపుడువేలూ ఇలా టకటకా కొట్టి చూపించండి."

"ఇక్కడా?"

"ఒక్కసారి."

నా మొహంలోకి చూసి, పార్కింగ్ లాట్‌లో నిలబడి కొట్టారు. వేళ్ల మధ్య ఎడం కొట్టిన కొద్దీ తగ్గిపోయింది. ఆయన చెయ్యి దించేసి, ఏమీ జరగనట్టు అడిగారు.

"ఏ రీలు కొనమంటావు?"

"రీలు సంగతి తర్వాత. తేడా రీలులో లేదు బావగారూ, మీ చేతిలో ఉంది. పార్కిన్సన్స్ అని నా అనుమానం, కదలికలు నెమ్మదించే నరాల జబ్బు. మాడిసన్‌లో మంచి న్యూరాలజిస్ట్ ఉన్నారు, నేనే అపాయింట్‌మెంట్ బుక్ చేస్తాను. ఇప్పుడు లెవోడోపా అని మందుంది, చెయ్యి బాగా తేలికవుతుంది."

చాలాసేపు మాట్లాడాను. గొంతు తగ్గించి, భయపెట్టకుండా, ఒక్క అక్షరం తప్పు లేకుండా చెప్పాను. సరిగ్గా పట్టుకున్నానన్న తృప్తి కూడా లోపల ఎక్కడో ఉంది. ఆయన అంతా విని, "శనివారం సీజన్ ఓపెనింగ్ డాక్టరమ్మా" అని మాత్రం అన్నారు. గ్యారీ తలుపు దగ్గర నిలబడి ఏది ప్యాక్ చేయమంటావని అడిగితే, ఏదీ వద్దని చెయ్యి ఊపి కార్ ఎక్కారు.

నా అనుమానం నిజమేనని న్యూరాలజిస్ట్ తేల్చాడు. మందు బాగానే పనిచేసింది, వేసవి మధ్యకి ఆయన చొక్కా బొత్తాలు ఆయనే పెట్టుకుంటున్నారు. కానీ అక్కయ్య పడవ తాళం చెవి ఎక్కడో దాచేసింది. నేను వెళ్లి బతిమాలాను.

"నేను పక్కనే ఉంటాను అక్కయ్యా. లైఫ్ జాకెట్ వేయిద్దాం. గాలి లేని రోజు చూసుకుని గంటసేపు తిప్పి తీసుకొచ్చేస్తాను."

"నడి నీళ్లలో చెయ్యి పట్టేస్తే? ఒరిగిపోయి పడితే? జబ్బని చెప్పిందీ నువ్వే, పడవెక్కమనేదీ నువ్వేనా? నేను ఏ మాట వినాలే?"

ఆ సీజన్ మొత్తం పడవ గరాజ్‌లోనే ఉంది. మిల్లులో మెషిన్ల దగ్గర్నుంచి తప్పించి ఆయన్ని డెస్క్ పనిలో కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి రిటైర్‌మెంట్ తీసుకుని, పడవ అమ్మేసి, కూతురు ఉద్యోగం చేస్తున్న శాంటా క్లారాకి వెళ్లిపోయారు. వెళ్లేముందు మా ఇంటికి భోజనానికి వచ్చారు. చేపల ఊసు ఎవరూ ఎత్తలేదు.

1988లో ఒక కాన్ఫరెన్స్‌కి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. బావగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. మాట సన్నబడింది, బుర్ర మాత్రం ఎప్పట్లాగే ఉంది. అక్కయ్య కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"డాక్టరమ్మా, గేరు అరిగితే రీలు ఏమవుద్దో చెప్పు."

"స్లో అవుతుంది. మీరేగా చెప్పారు."

"అవదు. గరగరమంటది. జారుద్ది. పళ్లు విరుగుతాయి. అంతేగానీ ఐదు చుట్లు తిరిగేది నాలుగు తిరగదు. రేషియో అంటే పళ్ల లెక్కమ్మా, అది ఎక్కడికి పోద్ది? జీవితమంతా గేర్లతో బతికినోణ్ణి, రీలు స్లో అయిందని నేను నమ్ముతానా?"

"అంటే మీకు ముందే..."

"ఆ ఫాల్‌లో నా ఎనిమిదులు నాకు కనపడలేదనుకున్నావా? చేతికి ఏదో వచ్చిందని తెలుసు. దాని పేరే తెలీదు. చేతిలో తగ్గిందాన్ని గేరు భర్తీ చేస్తే ఒక్క సీజన్ లాగించేద్దామనుకున్నా. బరువు తిప్పగలనో లేదోనని భయం. గ్యారీతో అంటే ఊరంతా తెలుస్తది. నువ్వయితే చూసి, ఇది తిప్పగలరు బావగారూ, అది వద్దు అని చెబుతావనుకున్నా. మంచు పడ్డాక నేనే క్లినిక్‌కి వచ్చేవాణ్ణి."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి తట్టి, "నీ తప్పేం లేదులే. డాక్టరువి, చూసింది చెప్పావు. నేనే మరదల్ని పిలిచాననుకున్నా" అన్నారు. అక్కయ్య కాఫీ తెచ్చేసరికి నేను బాత్‌రూమ్‌లో మొహం కడుక్కుంటున్నాను.

అప్పుడే చెప్పడం సబబని వాదించుకోవచ్చు. మిల్లు మెషిన్ల మధ్య తిరిగే మనిషి, ప్రమాదం జరిగితే ఎవరిది పూచీ? ఈ వాదన నాతో నేను ఎన్నోసార్లు పెట్టుకున్నాను, గెలిచాను కూడా. అయినా ఆ జబ్బుకి నవంబర్ దాకా ఆగితే కొంపలు మునిగేవేమీ లేవు. ఆ మందు జబ్బుని ఆపదు, రోజుల్ని కాస్త తేలిక చేస్తుంది. అది నాకు ఆ పార్కింగ్ లాట్‌లోనూ తెలుసు. బావగారు పోయి చాలాకాలమైంది, ఇప్పటికీ మే నెల వస్తే మనసు చేదవుతుంది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. పేషెంట్ గదిలోకి రాగానే నా కళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, వాటిని ఆపలేను. నోటిని మాత్రం ఆపుకుని, "ఇవాళ నా దగ్గర ఏం కావాలని వచ్చారు?" అని అడుగుతాను. కొందరికి జబ్బు పేరు కావాలి. కొందరికి కూతురి పెళ్లి దాకా నిలబడే ఓపిక కావాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప, వాళ్లు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. మిగతాది తర్వాత.

బావగారు అడిగింది ఏ రీలు కొనమంటావని. స్లోదే కొనాలి. గడ్డిలో దానితో ఆయన చెయ్యి ఆగలేదు. గ్యారీ చెప్పిన పెద్ద రేకు కట్టుకుంటే, ఆ వేగానికే లూరు గడ్డికి పైనే వచ్చేది. ఒక సీజన్‌కి సరిపోయేది. అది కూడా నేను ఆ మధ్యాహ్నమే చూశాను. చూసినవాటిలో ఆయనకి చెప్పనిది అదొక్కటే.