పచ్చరాయిని రిజెక్ట్ కొట్టిన

నిన్న ఒక పీహెచ్‌డీ మేడంను బండెనక కూసోబెట్టుకొని, కొరియర్ వ్యాన్ ఎంబడి ఇస్నాపూర్ దాంక ఉరికిచ్చిన. తప్పు వ్యాన్‌ది కాదు, నాదే. ఇనుండ్రి.

డిగ్రీ మధ్యల ఇడిసిపెట్టినంక పటాన్‌చెరుల ఒక ఫ్యాక్టరీ స్టోర్‌ల రెండేండ్లు చేసిన. ఆడ ఏ స్టీలు మాల్ వచ్చినా ముందు మాగ్నెట్ పెట్టి సూడాలె, తర్వాతనే సంతకం. కాయితం మీద ఒకటి, చేతిల ఒకటి ఉంటే రిజెక్ట్! ఇప్పుడు సంగారెడ్డి పక్కన ఒక ల్యాబ్‌ల స్టోర్ సూస్తున్న. ఆ మాగ్నెట్ మాత్రం ఇంకా జేబులనే ఉంటది.

నిన్న చిన్న డబ్బా వచ్చింది. ఇప్పి సూస్తే గోరంత పచ్చరాయి. కాయితం మీద ‘మాగ్నెటిక్ క్రిస్టల్’ అని ఉంది. మాగ్నెట్ పెట్టిన. అంటలే. తిప్పి పెట్టిన. ఊహూ!

"అన్నా, డూప్లికేట్ మాల్ ఇది. వాపస్ తీస్కపో," అన్న కొరియరాయనతోని. డబ్బా మీద ఎర్ర మార్కర్‌తోని ‘రిజెక్ట్’ అని గుడ రాసిన. జెర గర్వంగనే రాసిన!

పది నిమిషాలకు మేడం వచ్చింది. "పార్సిల్ వచ్చిందా? నాలుగు నెలల నుంచి దానికోసమే చూస్తున్నా."

"వచ్చింది మేడం. మాగ్నెట్ అంటలే. పంపిచ్చేసిన."

మేడం మొఖం తెల్లగైంది. "పంపించేశావా! అది వెనక్కి పోతే నా పీహెచ్‌డీ ఇంకో ఏడాది సాగుతుంది. బండి తియ్యి!"

తీసిన. హైవే మీద ఉరుకుతున్నా నా నోరు ఊకుంటదా? "మరి ఎందుకంటలే మేడం?"

"అది నికెల్ ఆక్సైడ్. దాంట్లో కరెంటు కూడా పోదు. లోపల ప్రతి నికెల్ ఆటమ్ ఒక చిన్న అయస్కాంతమే. ఒక వరుస ఇటు, పక్క వరుస అటు. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బయటికి సున్నా. ముందు చూసి నడుపు!"

"అయితే అన్నిటికన్న పైన వరుస సంగతేంది? దాని మీద ఇంకో వరుస ఉండదు గద. దానికి జోడీ ఎవరు?"

మేడం నా భుజం మీద ఒక్కటి సరిచి ముందుకు వంగింది. పడిపోతదేమోనని అద్దంల సూసిన.

"ఆ పై వరుస ఎలా సర్దుకుంటుందో, ఎటు తిరుగుతుందో చూడ్డానికేనయ్యా ఆ రాయి తెప్పించింది!"

ఇస్నాపూర్ల కొరియరాయన చాయ్ తాగుతున్నడు. "రిజెక్ట్ అంటివి గదనే?"

"నన్ను రిజెక్ట్ చెయ్యన్నా, డబ్బా ఇయ్యి!"

ఇంటికొచ్చి మా నాయనకు మొత్తం చెప్పిన. శ్రద్ధగ ఇన్నడు. నన్ను కిందికెంచి మీదిదాంక సూసిండు.

"లోపల మస్తు పవరుండి బయటికి సున్నానా? గసొంటిది మనింట్ల ఇరవై రెండేండ్ల సంది ఉన్నది. వాపస్ తీస్కపోయేటోడే దొరుకుతలేడు!"